కవర్‌స్లిప్ వేశాక పావుగంట

బాయి పోయిందన్న కబురు మా విభాగం పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. వచ్చి గంట దాటినా నేను చూసుకోలేదు. అర్ధాపూర్ నుంచి వచ్చిన రైతు ఒకతను నా బల్ల మీద కుళ్ళిన పసుపుదుంపలు కుమ్మరించి, "బుర్శీ లాగలీ, మేడం" అంటున్నాడు. బుర్శీ అంటే మరాఠీలో బూజు. పంట జబ్బులు చూసి మందు చెప్పే చిన్న కేంద్రంలో నా ఉద్యోగం. రోజుకు పదిసార్లు వినే మాటే అది. "ఇది బూజు కాదు దాదా" అని మరాఠీలో చెప్పి, మందు రాసిచ్చి పంపించాను. తర్వాత ఫోను తీస్తే తెర నిండా చేతులు జోడించిన బొమ్మలు, వాటిపైన ఆమె ఫోటో. ఆ ఫోటోలో కూడా ఆమె కెమెరాను చూడటం లేదు. కింద ఏదో గాజుపళ్ళెంలోకి చూస్తోంది.

మహారాష్ట్రలో పంతులమ్మను బాయి అంటారు. ఆమెకూ ఒక పేరుంది, గది తలుపు మీద రాసి కూడా ఉండేది, కానీ ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. దెగ్లూర్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టింది. మరాఠీ బడిలో చదివింది. నాందేడ్‌లో ఉద్యోగం చేసి అక్కడే ఉండిపోయింది. కోపం వస్తే మరాఠీ, బేరమాడితే దక్కనీ హిందీ, మనసు బాగుంటే తెలుగు. నాతో మాత్రం ఎప్పుడూ తెలుగే. అంతమాత్రాన నన్ను ముద్దు చేసిందనుకోవద్దు. నాదీ దెగ్లూరే కాబట్టి తిట్లు కూడా నాకు తెలుగులోనే పడేవి.

మనిషి పొట్టి. చీర కొంగు మడతలు పెట్టి భుజం దగ్గర మూడు పిన్నీసులు గుచ్చుకునేది, స్పిరిట్ దీపం దగ్గర కొంగు జారకుండా. మైక్రోస్కోపులోకి వంగేముందు కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, లేచాక వాటికోసం బల్లంతా తడిమేది. ఎవరైనా "నెత్తిమీదున్నయి బాయీ" అంటే, "నాకు ఎరుకే, మీకు ఎరుకో లేదో చూస్తున్న" అని దబాయించేది. సంచిలో ఎప్పుడూ రెండు స్టీలు డబ్బాలుండేవి. ఒకదాంట్లో వేయించిన నువ్వులూ బెల్లమూ మా కోసం, ఇంకోదాంట్లో ఉడకబెట్టిన నువ్వులు ఆమె జీవాల కోసం. పొలం కాలువ నీళ్ళలో ఉడికిన నువ్వుగింజలు తేలేస్తే రెండు రోజుల్లో వాటి చుట్టూ తెల్లటి నూగు మొలుస్తుంది. ఆ నూగే ఆమె చదువు. నేను చేరిన కొత్తలో ఆకలేసి డబ్బా మార్చి తిన్నాను. "ఏం గాదు తియ్. నీ కడుపుల పుడితె చెప్పు, ఫొటో తీద్దం" అంది.

ఆ నూగును బూజు అన్నవాళ్ళకు శిక్ష ఉండేది. ఆ వారం గాజుసామానంతా వాళ్ళే కడగాలి. ఒకసారి విభాగాధిపతి నోరు జారితే ఆయనకూ తప్పలేదు. చేతులు పైకి మడిచి, నవ్వుతూనే, ఆరు గాజుపళ్ళాలు కడిగాడు. చూడటానికి బూజులాగే ఉంటుంది నిజమే. పోగులు పోగులుగా పెరుగుతుంది, కుళ్ళబెడుతుంది. కానీ దాని చుట్టరికం సముద్రపు నాచుతో. "ఒక్క బడిల చదివిన్రని ఒక్క తల్లి పిల్లలైతరా?" అనేది బాయి. ఆమె పట్టుదల ఊరికే కాదు. మా వైపు పసుపుదుంపను కుళ్ళబెట్టే పిథియం ఈ జాతిదే. రైతులు దుకాణానికి వెళ్ళి బూజు మందు తెచ్చి పోస్తారు. ఆ మందు బూజు కణం లోపలి అస్థిపంజరాన్ని, అంటే కణానికి ఆకారమిచ్చే సన్నటి దారాలను పట్టుకుని విరగ్గొడుతుంది. పిథియం దారాల అమరిక కొంచెం వేరు. మందుకు పట్టు దొరకదు. పోసిన మందు పోసినట్టే నేలపాలు, దుంప కుళ్ళేది కుళ్ళుతూనే ఉంటుంది. "దీని బొక్కలు ఎట్లున్నయో ఎరుక లేకుంట దీన్నెట్ల కొడ్తరు?" అని ఆమె వాదన.

ఈ అస్థిపంజరం గురించి ఆమె రైతులకు చెప్పిన తీరు నేను జన్మలో మరిచిపోను. పొలంలోనే, వాళ్ళింట్లో రొట్టెల పిండి కొంచెం అడిగి తీసుకుంది. జొన్నపిండి ముద్దను కుడిచేత్తో తడుతూ, "చూడు దాదా, కింద ఎడమచెయ్యి ఉన్నదా? అంచు పగుల్తలేదు" అని మరాఠీలో చెప్పి, ఎడమచెయ్యి తీసేసింది. ఇంకో దెబ్బకు అంచు చీలింది. పోగు కొన కూడా అంతేనట. పెరిగేచోట గోడ మెత్తగా ఉండాలి, లేకపోతే సాగదు. లోపల నీళ్ళ ఒత్తిడి బయటికి తోస్తూ ఉంటుంది. మెత్తటి గోడ, లోపల తోపుడు. మరి పగలకుండా ఆపేది ఏది? యాక్టిన్ అనే సన్నదారాలు కొన లోపల టోపీలా అల్లుకుని, ఆ ఎడమచెయ్యిలాగ పట్టుకుంటాయి. ఎటు పెరగాలో, ఎంత పెరగాలో అవే నిర్ణయిస్తాయి. రైతు అంతా విని, "అయితే ఆ చెయ్యి తీసేసే మందు ఇవ్వండి బాయీ" అన్నాడు. బాయి వెనక్కి తిరిగి నాతో, "గీయన మీకంటే నయం" అంది.

ఆ చెయ్యి తీసేసే మందు మా దగ్గర ఉండేది, రైతుకు కాదు, ప్రయోగానికి. సముద్రపు స్పంజి నుంచి తీసినది, ఐసులో పెట్టి తెప్పించేవాళ్ళం. పోగు పక్కన ఒక్క బొట్టు వేస్తే కొద్ది నిమిషాల్లో కొన దారి మరిచిపోతుంది. సూటిగా పోయేది కాస్తా గుండ్రంగా ఉబ్బి, టప్పున పగిలి, లోపలిదంతా బయటికి కక్కుతుంది. ఆ సమయానికి బాయి మైక్రోస్కోపు మీంచి కన్ను తీసేసేది. "అయ్యో, పోయింది" అనేది. ఎన్ని వందలసార్లు చూసిందో, ప్రతిసారీ అనేది. పసుపు కుళ్ళబెట్టేదాని మీద ఇంత జాలేమిటని నేను నవ్వేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆమెకు ఒక నియమం ఉండేది. పోగు మీద పల్చటి కవర్‌స్లిప్ వేశాక పావుగంట ఆగాలి, ఆమె మాటల్లో 'కూసోవాలె'. కదపకూడదు, ఊదకూడదు, మందు వేయకూడదు. గాజు తాకిడికి పోగు బెదిరి పెరగడం ఆపేస్తుంది. ఆపగానే కొన టోపీ చెదురుతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ తేరుకుని పెరుగుతుంది. పెరుగుతున్నప్పుడే దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టే మందు వేసి, రంగు పట్టించి, ఫోటో తీయాలి. ఆమె గడియారం చూసేది కాదు. పాతకాలపు మరాఠీ బడుల్లో నేర్పే ఒకటిన్నర ఎక్కం అందుకునేది. "ఏక్ దీడ్ దీడ్, బే దీడ్ తీన్, తీన్ దీడ్ సాడేచార్..." నూరు దాకా, నిదానంగా, రెండుసార్లు. అది పూర్తయితే పావుగంట. ఆ గొణుగుడు వినబడుతున్నంతసేపూ మేము వరండాలో కూడా మెల్లగా నడిచేవాళ్ళం. "నిజం నిలకడ మీద తెలుస్తదంటరు గదా. నిలబడకుంట నిజం కావాలంటె యాడికెళ్ళి అస్తది?" అనేది.

ఇంకోటి, ఏదైనా ఒక్కసారే అడిగేది. చెప్పింది నమ్మేది.

నా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం మిగిలింది. మెత్తటి జెల్‌లో పెరిగే పిథియం కొన, గట్టి జెల్‌లోకి దూరే కొన, రెండింటి టోపీల తేడా. వీటి దాయాదుల్లో ఒకదానికి, గట్టిదాంట్లోకి దూరేటప్పుడు సరిగ్గా ముందు కొనలో దారాలు తొలగి చిన్న ఖాళీ ఏర్పడటం బయటివాళ్ళు చూశారు. మా పసుపు జీవి కూడా అలాగే చేస్తుందని బాయి ఆశ. చేస్తే, దుంపలోకి ఎలా చొరబడుతుందో తెలిసినట్టే. నాకు అంత పెద్ద ఆశలేమీ లేవు. బిలోలీ వైపు ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఉంది. జూన్‌లోపల డిగ్రీ చేతిలో ఉంటే నాకే ఇస్తామన్నారు.

ఆ రోజు పొద్దున్న మెత్తటి జెల్ స్లైడ్లు తొమ్మిది చేశాను. ప్రతిదానికీ పావుగంట ఆగాను. మధ్యాహ్నం గట్టి జెల్‌వి తొమ్మిది. దెగ్లూర్‌కు నేరుగా పోయే బస్సు ఐదున్నరకు. అది పోతే తర్వాతది నర్సీ దాకానే, అక్కడ రోడ్డు మీద నిలబడి దొరికిన బండి ఎక్కాలి. గోడ గడియారం చూశాను. కవర్‌స్లిప్ వేయడం, వెంటనే మందు చుక్క వేయడం, తొమ్మిదికి తొమ్మిది అలాగే కానిచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

మర్నాడు రంగు పట్టించి చీకటిగదిలో చూశాను. మెత్తటి జెల్ కొనల్లో పచ్చటి టోపీ నిండుగా వెలుగుతోంది. గట్టి జెల్ కొనల్లో టోపీ నడినెత్తిన నల్లటి ఖాళీ. పరుగెత్తుకెళ్ళి బాయిని పిలిచాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసి వంగింది. ఒక స్లైడు, రెండోది, మూడోది. తొమ్మిదీ చూసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"కూసున్నవా?"

"కూసున్న బాయీ."

అంతే. అడగడం ఒక్కసారే, నేను అబద్ధం చెప్పడమూ ఒక్కసారే. ఆమె లేచి నా రెండు భుజాలూ పట్టుకుంది. "చూసినవానే? గట్టిదాంట్ల దూరేటప్పుడు ముంగట చెయ్యి తీసేస్తున్నది. పగిలితె పగిలెనని తెగించి తోస్తున్నది!" ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ వెలుగు ముందు నిజం చెప్పలేకపోయానని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. బిలోలీ కాలేజీ గుర్తొచ్చి చెప్పలేదు.

ఒక వారం తర్వాత ఎవరూ లేనప్పుడు మెత్తటి జెల్ స్లైడ్లు రెండు, ఆగకుండా చేసి చూశాను. అందులోనూ అదే నల్లటి ఖాళీ. అది దుంపలోకి దూరే ఉపాయమూ కాదు, పాడూ కాదు. బెదిరి ఆగిపోయిన పోగు. ఆ రెండు స్లైడ్లు సింకులో పగలగొట్టి, గాజుముక్కలు కాగితంలో చుట్టి ఇంటికి పోయేదారిలో పారేశాను. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా ఉంది నా బతుకు. బాయి పేపరు రాసింది, ముందు నా పేరు, తర్వాత ఆమె పేరు పెట్టింది, పత్రికకు పంపింది. ఫోటోల కింద వాక్యాలు నన్నే రాయమంది. రాశాను.

మూడు నెలలకు పత్రికవాళ్ళ జవాబు వచ్చింది. పని బాగుంది, అయితే గట్టి జెల్‌లో ఇంకో పది కొనలు చూపించండి అన్నారు. నేను చేస్తానన్నాను. "నీకు థీసిస్ రాసుకునేదున్నది. పది స్లైడ్లే గదా, నేను చేస్త" అంది బాయి. ఎంత హుషారుగా అందో చెప్పలేను. చాలా ఏళ్ళ తర్వాత తన చేత్తో తాను చేసుకునే పని.

చీకటిగది తలుపు బయట నేను థీసిస్ కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. లోపల ఒకటిన్నర ఎక్కం. నూరు దాకా, మళ్ళీ మొదటినుంచి. ఆగిపోయేది. మర్నాడు రంగు పట్టించాక ఆమె లోపల వంగి చూస్తున్నంతసేపూ నేను రాసిన వాక్యాన్నే కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. తలుపు తెరుచుకునేది. "నిండుగనే ఉన్నదే. ఖాళీ అస్తలేదు." మళ్ళీ చేసేది. "ఇయ్యాల గూడ అస్తలేదు." జెల్ మార్చింది. నీళ్ళు మార్చింది. కొత్త పొలం నుంచి కొత్త పిథియం తెచ్చింది. వారాలు గడిచాయి. ఆమె చేసింది సరిగ్గా చేసింది కాబట్టే రావడం లేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అన్నీ మార్చిన తర్వాత ఇక అనుమానించడానికి ఆమెకు మిగిలింది తానొక్కతే.

"ఒత్తుతున్ననేమో" అంది ఒకరోజు. ఇంకో రోజు, "వయసైతె చెయ్యి బరువైతదంటరు" అంది. ఒక సాయంత్రం గది ముందునుంచి పోతూ చూశాను. కిటికీ వెలుగులో కుడిచెయ్యి చాపి, వేళ్ళు విడదీసి, వణుకుతున్నదా లేదా అని చూసుకుంటోంది. చాలాసేపు. నేను చప్పుడు కాకుండా పక్కకు తప్పుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేసేది అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ పక్కకు తప్పుకున్నందుకు.

నెలన్నర అయ్యాక చీకటిగది తాళంచెవి తెచ్చి నా పుస్తకాల మీద పెట్టింది.

"నీ చేతికి అచ్చింది గదా, నువ్వే చెయ్యి. నాతోని గాదు. నా చేతిల పని ఒడిసింది పోరీ."

"గట్లనకుండ్రి బాయీ."

"అనకుంటె ఏమైతది? ఉన్నదే అంటున్న. జల్ది చెయ్యి, నీ జూన్ దాటిపోతది."

మర్నాడు ఆమె రాలేదు. అంతకుముందు ఆమె సెలవు పెట్టగా నేను చూడలేదు. చీకటిగది నాదే, స్లైడ్లు నావే. పావుగంట ఆగకపోతే చాలు, పది ఖాళీలూ వస్తాయి. పేపరు, డిగ్రీ, ఉద్యోగం వరసగా వస్తాయి. ఇంతకంటే తేలికైన పని నా జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. మూడు చేశాను. ఆగకుండానే చేశాను. నాలుగోదానికి వచ్చేసరికి పోగును నిలబెట్టే మందు అయిపోయింది. కొత్త సీసా అల్మారాలో ఉంది, అల్మారా తాళం బాయి దగ్గర ఉంది. ఆటో ఎక్కి వాళ్ళింటికి పోయాను.

తలుపు తీసింది బాయి చెల్లెలు. అక్కచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో. "మంచిగ అచ్చినవు బిడ్డా, నువ్వన్న అడుగు. పొద్దటిసంది సూదులల్ల దారం ఎక్కించుకుంట కూసున్నది. ఎందుకంటె చెప్తలేదు, తింటలేదు" అని గొంతు తగ్గించి చెప్పి వంటింట్లోకి పోయింది.

బాయి లోపలి గదిలో చాపమీద కూర్చుని ఉంది. ముందు ఒక తలగడ. దానికి వరసగా గుచ్చిన సూదులు, ఒక్కొక్కదానికీ నల్లదారం వేలాడుతూ. బట్టలు కుట్టే సూదులు కావు, ముత్యాలు గుచ్చే సన్నసూదులు. నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు. చేతిలో ఉన్న సూది వెలుగుకు ఎత్తి దారం ఎక్కించింది, ఒక్క ప్రయత్నానికే.

"చూసినవా? ఒక్కపారికే ఎక్కుతున్నది. ముప్పై ఎక్కిచ్చిన. చెయ్యి వణుకుతలేదు. కండ్లు గూడ పనిచేస్తున్నయి. మరి గాడ ఎందుకు అస్తలేదే? నువ్వు చెప్పు, నాకు సమజైతలేదు."

నేను అల్మారా తాళం కోసం వచ్చాను. ఆ మాటే అందామని నోరు తెరిచాను.

"మీ చెయ్యి గాదు బాయీ. నేనే కూసోలేదు."

ఆమె సూదిని తలగడకు గుచ్చింది. "ఏ దినం?"

"గట్టి జెల్ చేసిన దినం. తొమ్మిదిట్ల ఒక్కదానికి గూడ కూసోలేదు. బస్సు పోతదని. తర్వాత మెత్త జెల్ల గూడ కూసోకుంట చేసి చూసిన. దాంట్ల గూడ ఖాళీ అచ్చింది. నాకు అప్పటిసంది ఎరుకే."

తిడుతుందనుకున్నాను. సూదుల తలగడ నా ముఖాన విసిరినా బాగుండేది. ఆమె నావైపు చూడనే లేదు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని దానివైపే చూస్తోంది.

"అంటె నా చెయ్యి మంచిగనే ఉన్నదన్నట్టు" అంది, మెల్లగా, ఆ చేతికే చెబుతున్నట్టు.

అప్పుడు కళ్ళు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగింది. కోపంలో ఆమె మరాఠీలోకి మారుతుందని చెప్పాను కదా. ఆ రోజు మారలేదు.

"ఫొటోలు తప్పయితె తీసేస్తం. పేపరు వాపస్ అడుగుతం. గదేం పెద్ద పని గాదు. నెలన్నరసంది నేను నా చెయ్యిని దొంగను చూసినట్టు చూసిన. అన్నం కలిపేటప్పుడు గూడ చూసిన. గది యాడికెళ్ళి వాపస్ తెస్తవే?"



"నడువు" అని లేచింది. పిన్నీసులు మూడూ గుచ్చుకుని బయటికొచ్చి ఆటో ఎక్కింది. విభాగానికి వచ్చి, నేను చూస్తుండగా గట్టి జెల్ మీద పోగు పెట్టి, కవర్‌స్లిప్ వేసి, ఎక్కం అందుకుంది. గొంతు ఎప్పటిలా లేదు, బిగ్గరగా, పక్కగదికి వినబడేలా చదివింది. మందు కొత్త సీసా అల్మారాలోంచి తనే తీసింది. మర్నాడు పొద్దున్న చూస్తే టోపీ నిండుగా ఉంది. ఆమె ఒకటికి రెండుసార్లు చూసుకుని, నిటారుగా కూర్చుని, "రాయి" అంది.

ఉత్తరం రాశాను. ఆగవలసినంతసేపు ఆగకుండా చేసిన స్లైడ్ల ఫోటోలు అవి, పేపరు వెనక్కి తీసుకుంటున్నాం అని. ఎవరు ఆగలేదో రాయబోతే ఆపింది. "మా ల్యాబుల జరిగింది అని రాయి. ల్యాబు నాది." కింద మొదటి సంతకం ఆమె పెట్టింది. ఆ సంవత్సరం ఆమెకు పై హోదా రావలసి ఉంది. ఆ పేపరు లేక అది ఆగిపోయిందని నాకు ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది. ఆమె చెప్పలేదు. నా అధ్యాయం మొదటినుంచి చేశాను, ఇంకో ఏడాది పట్టింది. బిలోలీ పోస్టు వేరేవాళ్ళకు పోయింది. మా పసుపు జీవి కొనలో ఖాళీ ఎక్కడా కనబడలేదు. దాయాదికున్న పద్ధతి దీనికి లేదేమో, ఉన్నా మా గాజు కింద చూపలేదేమో. థీసిస్‌లో అలాగే రాశాను. ఆ ఏడాదంతా ఆమె నా పక్కనే కూర్చుంది. నువ్వుల డబ్బా నావైపు జరిపేది. కానీ "కూసున్నవా?" అని అడిగాక, నేను కూసున్నాననగానే, "నిజంగ కూసున్నవా?" అని ఇంకోసారి అడగడం మొదలుపెట్టింది. నన్నే కాదు, తర్వాత వచ్చిన పిల్లలనూ అలాగే అడిగేది. పాపం, వాళ్ళకు ఎందుకో తెలియదు.

పోయిన మూడోరోజు వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో విభాగం నుంచి వచ్చినవాళ్ళు ఏడెనిమిదిమంది, ఎక్కువమంది నా తర్వాత చదివిన పిల్లలు. బాయి చెల్లెలు నన్ను చూసి గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అందరి మధ్య కూర్చోబెట్టి, వాళ్ళతో అంది.

"గీ పిల్లనే. అక్క ఎప్పుడు చెప్తుండె. అచ్చినోళ్ళందరికి చెప్తుండె. 'నా దగ్గర ఒక్క పోరి ఉండె. స్లైడ్లల్ల తప్పు చేసింది. ఎవ్వలు అడగకముందే మర్నాడే అచ్చి చెప్పింది. గసొంటి పిల్ల మల్ల దొరకలె' అని."

మర్నాడే అట.

పిల్లలు నావైపు గౌరవంగా చూశారు. ఒక అమ్మాయి తల కూడా ఊపింది. కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటే కాగితం చింపేసిన మనిషి, తప్పు అచ్చు కాకముందే పేపరు వెనక్కి తీసుకున్న మనిషి, తన చేతిని తాను అనుమానించుకున్న రోజులన్నీ లెక్కలోంచి తీసేసి, నా కోసం ఇన్నేళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ అబద్ధం చెబుతూ వచ్చింది. నోరు మూసుకుంటే చాలు, ఆ మర్యాద నాకు మిగిలిపోతుంది.

"మర్నాడు గాదు చిన్నమ్మా. ఐదు నెలలకు చెప్పిన. మీరే తలుపు తీసిన్రు, సూదులల్ల దారం ఎక్కించిన దినం. నేను చెప్పకపోవట్టికే బాయి గట్ల కూసున్నది."

ఆమె నా చెయ్యి వదల్లేదు.

"గా సూదుల దినమా?" అంది. "మరి అక్క గట్లెందుకు చెప్పింది బిడ్డా?"

నాకు తెలుసు ఎందుకో. ఆ పిల్లలందరి ముందూ, ఆమె చెయ్యి పట్టుకుని, బాయి పోయాక మొదటిసారి ఏడ్చాను.